కంకరమ్మ మైదానం

జూన్ 4, బుధవారం

మా పిడుగు రక్తంలో సీసం పంతొమ్మిది. ఉండాల్సింది సున్నా.

నేను పొద్దస్తమానం మట్టిలో, నీళ్లలో సీసం కొలిచే మనిషిని. ల్యాబ్‌లో మెషీన్ ముందు కూర్చుని ఇలాంటి అంకెలు చూసీ చూసీ కళ్లు అలిసిపోయాయి. నా కూతురి పేరు పక్కన చూడటం ఇదే మొదటిసారి. కాగితం తిరగేసి మళ్లీ చూశాను, వెనకవైపు వేరే అంకె ఉంటుందేమో అన్నట్టు.

స్కూల్లో హెల్త్ క్యాంప్ పెట్టిన డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఈ స్థాయికి మందుల్లేవమ్మా, ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపడమే వైద్యం అంది. ఆపితే రక్తంలో నెమ్మదిగా తగ్గుతుందట. బుర్రకి ఇప్పటికే ఏమైనా జరిగుంటే అది మాత్రం వెనక్కి రాదట. జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగాను. తెలియదమ్మా అంది. పిడుగు ఆ పక్కనే నిలబడి మోకాలి మీద ఎండిన పుండు పెచ్చు గిల్లుకుంటోంది. దానికి పదేళ్లు. దాని అసలు పేరు స్కూలువాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మా వీధిలో సగంమంది పిల్లలకి ఇదే కథ. ఏడవలేదు. ఒళ్లు మండిపోయింది.

జూన్ 6, శుక్రవారం

మా ఆయన సెలూన్‌లో ఇవాళ జుట్టు కంటే వాదనలే ఎక్కువ రాలాయట. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ మా వీధి చివరే ఉంది కదా, ఆ పొగగొట్టమే అని సగంమంది. అదే ఫ్యాక్టరీలో పనిచేసే మిగతా సగం మాత్రం గోడల పెయింట్ అంటున్నారు, లేదంటే ఇనుముకి మెరుగు పూత వేసే ప్లేటింగ్ షాపుల మురుగు అంటున్నారు. ఒకాయన గడ్డం సగం గీయించుకుని లేచి వెళ్లిపోయాడట కోపంతో.

మున్సిపాలిటీ స్టడీ వేయించింది. ఎక్కణ్ణుంచి ఎంత వస్తోందో తేల్చమంది. ఆ పని మా ల్యాబ్‌కే వచ్చింది. మా బాస్‌ని అందరం డెసిమల్ సార్ అంటాం, చుక్క తర్వాత ఏముంటే అది కొట్టేయమంటాడు కాబట్టి. నా కూతురు కూడా ఆ పిల్లల్లో ఉంది సార్ అని ముందే చెప్పేశాను. మంచిదే కదమ్మా, నీకు ఏరియా తెలుసు, నువ్వే చెయ్యి అన్నాడు.

చేస్తాను. ఎవడైనా సరే వదలను.

జూన్ 11, బుధవారం

శాంపిల్ కలెక్షన్. ప్లాస్టిక్ పారతో మట్టి తీస్తాం. స్టీలు తగిలితే దాని క్రోమియం అంటుకుంటుంది. ఫ్యాక్టరీ గోడ పక్కన, ప్లేటింగ్ షాపుల కాలువలో, మెయిన్ రోడ్డు అంచున, నాలుగిళ్ల పెరళ్లలో తీశాను. ఒక్కో చోటికీ ఒక్కో వేలిముద్ర ఉంటుంది. సీసంతో యాంటిమొనీ, తగరం కలిసి ఉంటే బ్యాటరీ. క్రోమియం, నికెల్ ఉంటే ప్లేటింగ్. జింక్ ఎక్కువైతే టైర్ల అరుగుదల.

ఫ్యాక్టరీ తరఫున నవ్వు సార్ వెంట వచ్చాడు. ఫ్యాక్టరీ గురించి ఊరికి మంచిగా చెప్పడం అతని ఉద్యోగం. చావు కబురు చెప్పినా నవ్వుతూనే చెబుతాడు. మా ఇంటి ముందు అమ్మ కనిపిస్తే చేతులు జోడించి కంకరమ్మ గారూ బాగున్నారా, మోకాళ్లు ఎలా ఉన్నాయి అని పలకరించాడు. అమ్మ మొహం వెలిగిపోయింది.

అమ్మకి ఆ పేరు ఊరికే రాలేదు. నేను డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉన్న ఏడు, వానాకాలమంతా స్కూలు దారి మోకాలి లోతు బురద. పిల్లలు జారి పడి చేతులు విరగ్గొట్టుకుంటుంటే ఎవడికీ పట్టలేదు. అమ్మ తన కుట్టుమిషన్ మూసేసి, వీధిలో ఆడవాళ్లని వెంటేసుకుని వెళ్లి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంది. లారీలు ఆపేసింది. చివరికి వాళ్లే లారీల కొద్దీ కంకర తోలారు. ఆ కథ ఎన్నిసార్లు విన్నానో! తర్వాత ఆ దారి మీద తారు కూడా పడింది. అమ్మని కంకరమ్మ అనకపోతే ఇప్పుడెవరూ గుర్తుపట్టరు.

ఆఖరున కంట్రోల్ శాంపిల్. అంటే ఏ మురికీ సోకని మట్టి. మిగతావన్నీ దానితోనే పోలుస్తాం. స్కూలు మైదానంలో తీశాను. గాలి ఎప్పుడూ అటునుంచే ఫ్యాక్టరీ వైపు వీస్తుంది, పొగ అటు పోదు. చుట్టుపక్కల షాపు లేదు, బండ్లు తిరిగే పెద్ద రోడ్డు లేదు. పైగా నేను పరుగులు నేర్చుకున్న నేల. ఇప్పుడు పిడుగు పరిగెత్తుతోంది. దానిమీద అనుమానం ఎందుకొస్తుంది నాకు?

జూన్ 19, గురువారం

రిజల్ట్స్ వచ్చాయి. ఫ్యాక్టరీ గోడ పక్కన ఎంత సీసం ఉందో మైదానంలోనూ అంతే ఉంది. ఇంకాస్త ఎక్కువే.

డెసిమల్ సార్ మొహంలో పెళ్లికళ. కంట్రోలే ఇంతుందంటే ఇక్కడి నేలే అంత, సహజంగా ఉన్న సీసం, ఎవరి తప్పూ లేదు, రిపోర్ట్ అలాగే రాసేయ్ అన్నాడు.  అలా రాస్తే పొగగొట్టం, ప్లేటింగ్, అన్నీ కడిగిన ముత్యాలే. తప్పు భూమాతది.

జూన్ 20, శుక్రవారం

మళ్లీ రన్ చేశాను. అదే అంకె.

కానీ యాంటిమొనీ ఉంది. తగరం ఉంది. సీసంతో కలిసి, అచ్చంగా బ్యాటరీ ప్లేటుల్లో ఉండే పాళ్లలో. మట్టికి పుట్టుకతో అలాంటి బుద్ధులు రావు. ఎవరో నేర్పించాలి.

సార్‌కి చూపించాను. మనకిచ్చిన పని పరిధిలో, స్కోప్‌లో లేదమ్మా అన్నాడు. ఆయన స్కోప్ ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

జూన్ 21, శనివారం, సాయంత్రం



స్కూల్లో లాంగ్ జంప్ కోసం గుంట తవ్వుతున్నారట. పిడుగు అక్కణ్ణుంచి ఒక రాయి తెచ్చింది. నక్షత్రం రాయి అంటూ తిప్పి తిప్పి చూపించింది. నల్లగా, గాజులా మెరుస్తూ, అక్కడక్కడా చిల్లులు. చేతిలోకి తీసుకోగానే దాని బరువుకి చెయ్యి కిందికి దిగింది. అంత చిన్న రాయికి అంత బరువు ఉండకూడదు. ఇది రాయి కాదు. కొలిమి అడుగున మిగిలే చిట్టెం. స్లాగ్.

పిడుగుని సబ్బుతో మోచేతుల దాకా కడిగాను. రెండుసార్లు. అది గోల పెట్టింది. అమ్మ వచ్చి ఎందుకే పిల్లని అలా రుద్దేస్తావు అని కసిరి, రాయి వైపు చూసి నవ్వింది. ఓసి, ఇది మా కంకరే కదే అంది. దారికి పోయగా మిగిలిన లారీలు మైదానంలో పోయించాను, ఎత్తుపల్లాలు లేకుండా చదును చేయించాను, మీద పలచగా మట్టి కప్పించాను, దగ్గరుండి మరీ చేయించాను అంది. ఎంత మురిసిపోతూ చెప్పిందో.

ఇన్నేళ్లూ ఆ కంకర క్వారీలో కొని తోలారనుకున్నాను. అమ్మ ఎప్పుడు చెప్పినా కంకర అనే చెప్పింది. ఏ రంగు అని నేనెప్పుడూ అడగలేదు.

అప్పటికప్పుడు అమ్మకి చెప్పేశాను. మెత్తగా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

జూన్ 22, ఆదివారం

అమ్మ మాట్లాడటం లేదు.

జూన్ 23, సోమవారం

మాట్లాడింది. అదీ తిట్టడానికి. నాలుగు మెషీన్లు నేర్చుకుని కన్నతల్లికే పాపం అంటగడతావా అంది. వీధిలో పిల్లలందరికీ నేనే విషం పెట్టానని చాటింపు వేయించు, వెళ్లు అంది. నువ్వు కాదమ్మా, వాళ్లు అంటే వినదే. వాళ్లు పారబోయాల్సిన చెత్తని నీకు వరంలా ఇచ్చారమ్మా అన్నాను. ఆ మాటకి చటుక్కున ఆగిపోయింది. లోపలికి వెళ్లి పిడుగు బూట్లు తీసి పెరట్లో తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన గుడ్డనే మళ్లీ ఉతుకుతోంది. 

స్కూలు హెడ్ దగ్గరికి వెళ్లి మైదానం మూసేయమన్నాను. రిపోర్ట్ ఏదమ్మా అన్నాడు. అధికారికంగా ఏదైనా వస్తే చూద్దాం అన్నాడు. పిల్లలు ఆయన వెనకే ఆ దుమ్ములో పరిగెడుతున్నారు. ఒకడు పడి లేచి, అరచెయ్యి నాకాడు.

జూన్ 25, బుధవారం

డెసిమల్ సార్ రిపోర్ట్ టైప్ చేయించి నా ముందు పెట్టాడు. సహజసిద్ధమైన సీసం అని రాసి ఉంది. కింద అనలిస్ట్ సంతకం. నాది.

పెట్టను అన్నాను. కంట్రోల్ తప్పు సార్, తప్పు నాదే, గాలి ఎటు వీస్తుందో చూశాను గానీ కాళ్ల కింద ఏముందో చూడలేదు, కొత్త కంట్రోల్ తీద్దాం అన్నాను. శాంపిలింగ్ అయిపోయిందమ్మా అన్నాడు. మున్సిపాలిటీ తొందరలో ఉందన్నాడు. సంతకం ఒక ఫార్మాలిటీ అన్నాడు. ఫార్మాలిటీ అయితే మీరే పెట్టండి అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆలోచించుకోమన్నాడు, ఇంట్లో సంపాదించేది ఎవరో కూడా ఆలోచించుకోమన్నాడు.

ఆలోచించుకున్నాను, లిఫ్ట్ కిందికి దిగేలోపు.

జూన్ 26, గురువారం, మధ్యాహ్నం

లంచ్ టైమ్‌లో మైదానానికి వెళ్లాను. ల్యాబ్‌లో మట్టి లోతుకి దింపే గొట్టం ఒకటుంది. అడక్కుండానే తెచ్చాను. మా ఆయన సెలూన్ మూసి వచ్చాడు. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని ఇద్దరం కలిసి దింపాం. పైన జానెడు కూడా లేదు గోధుమరంగు మట్టి, అందులోనూ నల్లటి నలుసులు. కింద నలుపు. ఆగదే! ఇంకా నలుపు. మా ఆయన చెమటలు కక్కుతూ, ఏమే, మీ అమ్మ భూగోళం అవతలి దాకా పోయించిందా అన్నాడు. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆఖరికి గొట్టం కొసన ఎరుపు తగిలింది. తడిగా, మెత్తగా, శుభ్రంగా. ఆ కిందికి ఇంకెవరి చెయ్యీ పోలేదు.

అది అసలు కంట్రోల్.

జూన్ 27, శుక్రవారం

ఎర్రమట్టిలో సీసం దాదాపు లేదు. నల్లదానిలో దానికి వందల రెట్లు. ఇక ఎవడు ఏమన్నా అననీ.

రిజల్ట్ ప్రింట్ అవుతుండగానే డెసిమల్ సార్ వచ్చి మెషీన్ గది తాళం అడిగి తీసుకున్నాడు. రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. ప్రింట్ మాత్రం అడగలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చేశాను.

జూలై 1, మంగళవారం

ఉద్యోగం లేదు. సెలూన్‌కి ఫ్యాక్టరీ వాళ్లు రావడం మానేశారు. మా ఆయన ఖాళీ కుర్చీలో తనే కూర్చుని తన మీసం కత్తిరించుకుంటున్నాడు. ఇలా ఇంకో వారం సాగితే మీసం మిగలదు అన్నాడు.

మైదానం సంగతి వీధంతా పాకింది, అమ్మని చూసి ఒకావిడ మొహం తిప్పుకుంది. ఎవరో గుమ్మం చాటునుంచి కంకరమ్మా అని సాగదీసి పిలిచారు. ఆ పిలుపులో మర్యాద లేదు. అమ్మ విననట్టు నడిచింది. నేను ఆగి, ఎవరే అది, దమ్ముంటే బయటికి రా అన్నాను. ఎవరూ రాలేదు.

జూలై 8, మంగళవారం

సీసం సంగతి మీద మున్సిపాలిటీ కమిటీ హియరింగ్ ఎల్లుండి, వీధివాళ్లూ మాట్లాడొచ్చట. రిపోర్ట్ మీద డెసిమల్ సారే సంతకం పెట్టుకున్నాడట. చుక్కలు అన్నీ కొట్టేసే ఉంటాడు.

అమ్మని రమ్మని అడగలేదు. అడిగే మొహం లేదు నాకు. దగ్గరుండి పోయించానని అందరి ముందూ ఏ తల్లి చెబుతుంది? ఆ పిల్లల తల్లులే ఎదురుగా కూర్చుని ఉంటే?

జూలై 10, గురువారం

ఇప్పుడే వచ్చాం. అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి, రేపటికి నా కోపం వాటికి రంగులు పూస్తుంది.

మున్సిపల్ ఆఫీసు హాలు. పైన ఫ్యాన్లు, కింద విరిగిన కుర్చీలు. కమిటీ పెద్ద ఒక రిటైర్డ్ జడ్జి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినే ఆవిడ. డెసిమల్ సార్ రిపోర్ట్ చదివాడు. సహజసిద్ధం అన్నచోట గొంతు తగ్గించాడు. నేను లేచాను. ల్యాబ్ తరఫున కాదు, ఆ వీధి మనిషిగా, ఒక పిల్ల తల్లిగా అని చెప్పాను. మట్టి పొరల్ని తీసిన వరసలోనే గాజు గొట్టంలో తెచ్చాను. పైన గోధుమ, మధ్యన నలుపు, అడుగున ఎరుపు. బల్ల మీద నిలబెట్టాను. నలుపు ఫ్యాక్టరీ చిట్టెం, ఎరుపు మన నేల, పోల్చాల్సింది దేనితోనో మీరే చెప్పండి అన్నాను. పిల్లలు ఆ దుమ్ములో ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటున్నారని, పొగ పోనిచోట కూడా సీసం ఎందుకుందో ఇదే జవాబని చెప్పాను.

నవ్వు సార్ లేచాడు. నవ్వాడు. మైదానం కింద ఏదో నల్లది ఉంటే ఉండొచ్చు, కానీ మా ఫ్యాక్టరీ ఏనాడూ ఎవరికీ కంకర ఇవ్వలేదు, మా చిట్టెం అంతా పద్ధతిగా డంప్‌కే పోతుంది, ఎవరో దొంగచాటుగా పోసి ఉంటారు అన్నాడు. కమిటీ పెద్ద నావైపు తిరిగి, ఇచ్చారనడానికి సాక్ష్యం ఉందా అమ్మా అంది.

హాలంతా మా వీధి వాళ్లే. ఒక్కరూ కదల్లేదు. సగంమంది జీతం ఫ్యాక్టరీ చేతిలో ఉంది. 

అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. అమ్మ. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది, గేటు ముందు కూర్చున్న రోజు కట్టుకున్నానని ఎప్పుడూ చూపించే చీర అది. నేనే పోయించాను అంది. గేటు దగ్గర కూర్చుని అడిగి తెచ్చుకున్నాను, వాళ్ల లారీల్లోనే వచ్చింది, పిల్లలు పడిపోకూడదని నా కాళ్లతో తొక్కి చదును చేశాను అంది.  నా తప్పుంటే నాకు శిక్ష వెయ్యండి, కానీ అది ఇచ్చింది మాత్రం వీళ్లే అంది.

నవ్వు సార్ పెద్ద మనసుతో తల ఊపాడు. పెద్దావిడ కదా, ఎప్పటిదో గుర్తుండదు, పొరబడుతున్నారు అన్నాడు. ఆమె వైపు తిరిగి, అలవాటైన చిరునవ్వుతో, మీరు కూర్చోండి కంకరమ్మ గారూ అన్నాడు.

 మా ఆయన ఫకాలుమని నవ్వాడు. ఆ నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకింది. కమిటీ పెద్ద చెవి దగ్గర చెయ్యి తీసేసింది. ఆమెని ఏమని పిలిచారు అని అడిగింది. నవ్వు సార్ చేతిలో కాగితాలు తిరగేశాడు. ఆ పేరు ఆమెకి ఎలా వచ్చిందో, అది మీకు ఎలా తెలుసో చెప్పండి అంది. నవ్వు సార్ మొహం మీద మొదటిసారి నవ్వు లేదు. మొహం తడిమి చూసుకున్నాడు.

అప్పుడు లేచారు మా వీధి ఆడవాళ్లు. నేనూ కూర్చున్నాను గేటు ముందు అని ఒకామె. నేను తట్ట మోశాను అని ఇంకొకామె. మొన్న మొహం తిప్పుకున్నావిడే వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూ, తిడుతూ పట్టుకుంది, గట్టిగా.

జూలై 18, శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది. మైదానం మూత. ఫ్యాక్టరీయే తవ్వి, తడిపి, కప్పి, తన లారీల్లోనే వెనక్కి తీసుకుపోవాలి. దారి కింది నలుపు కూడా పరీక్షించాలి. పొగగొట్టం, ప్లేటింగ్ కాలువ ఇంకా తేలాల్సి ఉంది. వాటినీ వదలను.

డెసిమల్ సార్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఆగస్టు 5, మంగళవారం

తవ్వకం. అమ్మ కుర్చీ వేసుకుని మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంటోంది. పొడిగా తవ్వితే లేచి అరుస్తుంది, నీళ్లు కొట్టండ్రా, దుమ్ము లేస్తే మళ్లీ మా పిల్లలకే అని. లారీ డ్రైవర్లు కంకరమ్మ గారూ, ఇంకెన్ని ఉన్నాయి అని అడుగుతున్నారు. మీరు తెచ్చినన్ని అంటుంది.

పిడుగు రక్తంలో పదిహేడు. తగ్గింది. చాలదు. నిన్న స్కూల్లో లెక్క తప్పు చేసి వచ్చింది. పిల్లలు తప్పులు చెయ్యరా ఏమిటి! కానీ ఇక జీవితాంతం దాని ప్రతి తప్పు దగ్గరా నేను ఆగి చూస్తాను. ఇది వాళ్లు నాకు వేసిన శిక్ష. దీన్ని లారీలో ఎక్కించి పంపలేను.

ఆగస్టు 23, శనివారం

నలుపు అయిపోయింది. అడుగున ఎర్రమట్టి బయటపడింది.

వాన పడింది. వాసన చూడొచ్చా అని పిడుగు అడిగింది. ఆగమన్నాను. శాంపిల్ తీశాను, వేరే ల్యాబ్‌లో కొలిపించాను, సీసం దాదాపు లేదు, సాయంత్రం వచ్చి వాసన చూడమన్నాను.

ఎర్రమట్టి మీదికి ముందు అమ్మ వంగింది.